లిజీ మగీ రాసిన రెండో ఆట

1940లో అమెరికా జనాభా లెక్కల సిబ్బంది రాసుకున్న కోట్లాది పేర్లలో ఎలిజబెత్ (లిజీ) మగీ ఫిలిప్స్ ఒకటి. అప్పటికి ఆవిడ వయసు డెబ్బై దాటింది. వృత్తి అన్నచోట 'ఆటలు తయారుచేయడం' అని ఉంది. ఆదాయం అన్నచోట సున్నా ఉంది. అప్పటికి ఐదేళ్ళుగా ఆవిడ ఊహలో పుట్టిన ఆట కొత్త పేరుతో దుకాణాల్లో అమ్ముడవుతోంది, లక్షల ఇళ్ళకు చేరింది. పెట్టె మీద పేరు 'మొనోపలీ'. కనిపెట్టిన మనిషి చార్ల్స్ డారో అని దాన్ని అమ్మే కంపెనీ లోకానికి చెప్పింది. జనాభా లెక్కల కాగితంలో ఆ వృత్తినీ ఆ సున్నానూ పక్కపక్కన చూస్తే మనసు కలుక్కుమంటుంది. అయితే డబ్బు రాకపోయినా, పేరు రాకపోయినా, తన పని ఏమిటని అడిగితే ఆటలు చేయడమని చెప్పుకున్న ఆ స్థిరత్వం చూస్తే గౌరవం కలుగుతుంది.

బల్ల మీద పరిచి ఆడుకునే ఆటలు తయారుచేసేవాళ్ళ జీవితాలు మనకు బొత్తిగా తెలియవు. కవి పేరు పుస్తకం మీద ఉంటుంది, చిత్రకారుడు బొమ్మ కింద సంతకం పెడతాడు. చదరంగానికి గాని, వైకుంఠపాళికి గాని, పల్లెల్లో రచ్చబండల మీదా గుడి మండపాల రాళ్ళ మీదా గీసి ఉండే పులిజూదానికి గాని కర్త ఎవరని మనం ఎప్పుడైనా అడిగామా? ఎవరో ఒక మనిషి ఏదో ఒక సాయంత్రం ఆ గీతలు మొదటిసారి గీసి ఉంటారు. ఆ మనిషి మనకు దొరకడు. లిజీ మగీ దొరికింది. దొరకడానికి కారణం ఆవిడ పేటెంటు తీసుకోవడం, ఆ పేటెంటు కాగితాన్ని దాదాపు డెబ్బై ఏళ్ళ తరవాత మొదలైన ఒక వివాదంలో ఒక మొండి ఆచార్యుడు వెతికి పట్టుకోవడం.

లిజీ 1866లో ఇలినాయ్ రాష్ట్రంలోని మకోంబ్ పట్నంలో పుట్టింది. అంతర్యుద్ధం ముగిసి ఏడాది అయింది. తండ్రి జేమ్స్ మగీ పత్రికా సంపాదకుడు, బానిసత్వం పోవాలని పోరాడినవాడు. 1858లో అబ్రహాం లింకన్ స్టీఫెన్ డగ్లస్‌తో ఊరూరా వాదాలకు దిగినప్పుడు ఆయన వెంట తిరిగాడు. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్లకు లోకంలో ఉన్న అన్యాయం మన పని కాదులే అని ఊరుకోవడం చేతకాలేదు. తండ్రి ఆమె చేతిలో పెట్టిన ఒక పుస్తకం ఆమె జీవితాన్ని నిర్ణయించింది. అది 1879లో వచ్చిన హెన్రీ జార్జ్ 'ప్రోగ్రెస్ అండ్ పావర్టీ'.

హెన్రీ జార్జ్ బడి చదువు పద్నాలుగేళ్ళకే ఆగిపోయింది. ఓడల్లో పనిచేశాడు, అచ్చు యంత్రాల దగ్గర అక్షరాలు పేర్చాడు, ఆకలి రుచి చూశాడు. సంపద ఇంతగా పెరుగుతున్న దేశంలో పేదరికం కూడా దానితో సమానంగా ఎందుకు పెరుగుతోంది అన్నది ఆయన ప్రశ్న. జవాబు నేలలో ఉందన్నాడు. నేలను ఎవరూ తయారుచేయలేదు. ఒక స్థలం విలువ పెరిగిందంటే దాని చుట్టూ జనం చేరారు గనక, రోడ్డు పడింది గనక, బడీ సంతా వచ్చాయి గనక. పెంచింది ఊరంతా కలిసి. అనుభవించేది మాత్రం కాగితం మీద పేరున్న ఒక్కడు. కాబట్టి నేల విలువ మీద మాత్రమే పన్ను వేయండి, చెమటోడ్చి సంపాదించినదాని మీదా కట్టిన ఇంటి మీదా వేయకండి అన్నాడు. దానికి 'ఒకే పన్ను' సిద్ధాంతమని పేరు వచ్చింది. టాల్‌స్టాయ్ ఆయనను ఆరాధించాడు. చైనాలో సన్‌యట్‌సెన్ ఆయన నుంచి నేర్చుకున్నాడు. 1897లో న్యూయార్క్ మేయరు పదవికి రెండోసారి పోటీ చేస్తూ ఎన్నికలకు నాలుగు రోజుల ముందు జార్జ్ కన్నుమూశాడు.

ఆ వాదం మనకేమీ దూరపుది కాదు. హైదరాబాద్ చుట్టూ రింగ్ రోడ్డు గీత పడగానే, కృష్ణా తీరాన రాజధాని వస్తుందన్న మాట పుట్టగానే ఎకరాల ధరలు ఎలా లేచాయో కళ్ళారా చూసినవాళ్ళం. రోడ్డు వేసిన కూలీకి అందులో ఎంత దక్కింది, ముందుగా కబురు తెలిసి పొలం కొనిపెట్టుకున్నవాడికి ఎంత దక్కింది అన్న లెక్క ఏ టీ కొట్టు దగ్గర అడిగినా చెబుతారు.

లిజీ ఆ సిద్ధాంతాన్ని మనసా వాచా నమ్మింది. వాషింగ్టన్ నగరంలో స్టెనోగ్రాఫర్‌గా పనిచేసేది. కొంతకాలం చిరునామా దొరకని ఉత్తరాలను పరిశీలించే తపాలా విభాగంలో ఉద్యోగం. పెళ్ళి చేసుకోకుండా, తన జీతంతో తన ఇల్లు తాను కొనుక్కుని బతికింది. ఆ కాలపు స్త్రీకి అది మామూలు విషయం కాదు. కవితలు అచ్చు వేయించింది, నాటకాల్లో హాస్య పాత్రలు వేసింది. టైపు యంత్రంలో కాగితం రోలర్ల మధ్య సాఫీగా జారే ఏర్పాటు ఒకటి కనిపెట్టి 1893లో పేటెంటు సంపాదించింది. అప్పట్లో అమెరికాలో పేటెంట్లు తీసుకునేవారిలో స్త్రీలు నూటికి ఒక్కరు కూడా ఉండేవారు కాదు.

సాయంత్రాలు ఒకే పన్ను గురించి పాఠాలు చెప్పేది. వినేవాళ్ళు ఎందరుంటారు? ఆర్థికశాస్త్రం చెబితే కళ్ళు మూతలు పడతాయి. చెప్పేకంటే అనుభవించేలా చేయాలని ఆమెకు తోచింది. భూస్వామ్యం ఎలా పనిచేస్తుందో బల్ల మీద పరిస్తే, ఓడినవాడికి ఆ ఓటమి ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది కదా. ముఖ్యంగా పిల్లలకు తెలియాలి. చిన్నప్పుడు ఆటలో ఈ అన్యాయాన్ని గుర్తుపట్టినవాళ్ళు పెద్దయ్యాక లోకంలోనూ గుర్తుపడతారన్నది ఆమె ఆశ. 1903 మార్చిలో దరఖాస్తు పెట్టింది. 1904 జనవరి 5న 748626 నంబరు పేటెంటు చేతికి వచ్చింది. ఆట పేరు 'ల్యాండ్‌లార్డ్స్ గేమ్', అంటే భూస్వామి ఆట.

ఆ పటం నిర్మాణం చూస్తే ఆవిడ ప్రతిభ తెలుస్తుంది. అంతకుముందున్న పందెపు ఆటల్లో చాలావాటికి మొదలూ తుదీ ఉండేవి. పావు ఒకచోట బయలుదేరి గమ్యం చేరితే ఆట అయిపోతుంది. ఆవిడ పటం చదరంగా ఉంటుంది. పావులు అంచు వెంబడి చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. గళ్ళలో కొనుక్కునే స్థలాలున్నాయి, రైళ్ళున్నాయి, దీపాల కంపెనీ, నీటి కంపెనీ ఉన్నాయి. తప్పనిసరి ఖర్చులు కూడా ఉన్నాయి. రొట్టె, బొగ్గు, బట్ట, తలదాచుకునే నీడ. ఒక మూల జైలు, ఒక మూల సర్వజనుల పార్కు. చేతిలో పైసా లేనివాడు వెళ్ళడానికి పేదల సత్రం. ఒక మూల ఒక విదేశీ ప్రభువుగారి ఎస్టేటు. ఆ ప్రభువుకు ఆవిడ పెట్టిన పేరు లార్డ్ బ్లూబ్లడ్. లోపలికి రాకూడదు, అడుగుపెడితే నేరుగా జైలుకే.

ఇక బయలుదేరే మూల. అక్కడ ఆవిడ భూమాతను నిలబెట్టింది. భూమి మీద శ్రమిస్తే కూలి వస్తుందన్న అర్థంలో నాలుగు మాటలు రాసింది. ఒక చుట్టు పూర్తిచేసి ఆ మూల దాటిన ప్రతి ఆటగాడికీ నూరు డాలర్లు దక్కుతాయి. ఇవాళ పిల్లలు ఆ మూల దాటగానే బ్యాంకు దగ్గర చేయి చాపి నోటు పుచ్చుకుంటారు. ఎందుకిస్తారని ఏ పిల్లాడూ అడగడు, నియమం అలా ఉంది గనక ఇస్తారు. ఆవిడ లెక్కలో అది కూలి. ఆటలో కొత్త సంపద వచ్చేది శ్రమలోంచే. మిగిలినదంతా ఆ కూలిని ఒకరి దగ్గర్నుంచి ఒకరు అద్దె రూపంలో లాక్కోవడమే. ఒక్క మూలలో నాలుగు మాటలు రాసి ఇంత చెప్పగలిగిన మనిషి సామాన్యురాలు కాదు. ఆ మాటలు చెరిగిపోయాక నోటు మాత్రం మిగిలింది.

ఆవిడ ఆటకు రెండు రకాల నియమాలు రాసింది. మొదటిది మనందరికీ తెలిసినదే. స్థలాలు కొను, అద్దెలు వసూలు చెయ్యి, ఎదుటివాడిని దివాలా తీయించు. రెండోది హెన్రీ జార్జ్ లోకం. ఆట నడుస్తుండగా ఆటగాళ్ళు ఓటు వేసుకుని ఆ నియమాల్లోకి మారవచ్చు. అప్పటినుంచి నేల అద్దె యజమానికి పోదు, అందరి ఖజానాకు పోతుంది. ఇల్లు కట్టినవాడికి ఇంటి అద్దె మాత్రం దక్కుతుంది. ఖజానాలో డబ్బు చేరేకొద్దీ దీపాల కంపెనీ, ఆ తరవాత ట్రాములు, రైళ్ళు ఒక్కొక్కటిగా ప్రజల సొత్తయి ఉచితమవుతాయి. లోపలికి రాకూడదన్న ప్రభువుగారి ఎస్టేటు పిల్లలు డబ్బు కట్టకుండా చదువుకునే కళాశాల అవుతుంది. ఆ పైన కూలి రేట్లు పెరుగుతాయి. 1932 నాటి ముద్రణలో ఈ రెండో ఆటకు 'ప్రాస్పెరిటీ' అని పేరు పెట్టి ముగింపు ఇలా రాసింది. అందరికంటే తక్కువ డబ్బుతో మొదలుపెట్టిన ఆటగాడి సొమ్ము రెండింతలు కావాలి. అయిన క్షణాన ఆట గెలిచినట్టు, గెలిచింది అందరూ.

ఒకే పటం, అవే పాచికలు, అవే స్థలాలు. నియమం మారితే మనుషుల తలరాతలు మారిపోతాయి. లోకంలో ఉన్నది ఏ దేవుడూ రాసిపెట్టింది కాదు, మనం ఒప్పుకుంటున్న నియమం మాత్రమే, ఒప్పుకోవడం మానితే మార్చుకోవచ్చు. ఈ సంగతిని బల్ల మీద అరగంటలో రుజువు చేసి చూపే సాధనం అంతకుముందు మరొకటి ఉందా? ఉపన్యాసాలు, కరపత్రాలు ఏళ్ళ తరబడి చెప్పలేనిది ఆ అట్టముక్క చెబుతుంది. అందుకే లిజీ మగీని నూరేళ్ళలో వచ్చిన గొప్ప ఉపాధ్యాయుల్లో ఒకరిగా లెక్కించడం సబబని మా నమ్మకం.

1906లో న్యూయార్క్‌లోని ఎకనమిక్ గేమ్ కంపెనీ ఆటను అచ్చువేసింది. అదే ఏడాది ఆవిడ మరో పని చేసి దేశమంతా తన వైపు చూసేలా చేసింది. వారానికి పది డాలర్ల జీతంతో బతుకు ఈడ్చలేక, పత్రికలో ఒక ప్రకటన వేయించింది. అమెరికన్ యువతి, బానిస, ఎక్కువ పాట పాడినవారికి అమ్మకానికి ఉంది అని. ఒంటరి ఆడదానికి ఈ దేశంలో పెళ్ళి తప్ప మరో ఆర్థిక దారి లేకుండా చేశారని చెప్పడానికి అదొక నిరసన. బానిసత్వం మీద పోరాడినవాడి కూతురు ఆ మాటను తేలిగ్గా వాడి ఉండదు. వార్తలు గుప్పుమన్నాయి. నవలాకారుడు అప్టన్ సింక్లెయిర్ స్పందించి కొంత డబ్బు పంపాడు. నలభై నాలుగో ఏట, 1910లో, ఆల్బర్ట్ ఫిలిప్స్‌ను పెళ్ళి చేసుకుంది.

ఆట ఈలోగా తన దారిన తాను వెళ్ళింది. కొన్నవాళ్ళు తక్కువే గాని, చూసి తామే తయారుచేసుకున్నవాళ్ళు చాలామంది. బట్ట మీదో చెక్క మీదో గళ్ళు గీసుకుని, తమ ఊళ్ళోని వీధుల పేర్లు రాసుకుని ఆడేవారు. డెలవేర్ రాష్ట్రంలో ఆర్డెన్ అనే చిన్న గ్రామం ఉంది. హెన్రీ జార్జ్ అభిమానులు 1900లో కట్టుకున్న ఊరది. అక్కడ నేల ఎవరికీ సొంతం కాదు. నేల ఊరిది, నివాసులు కౌలు కడతారు, ఆ డబ్బుతో ఊరి పనులు నడుస్తాయి. నేటికీ అదే పద్ధతి. ఆ ఊళ్ళో ఈ ఆట ఇంటింటా ఉండేది. అక్కడ కాపురమున్న ఆర్థికశాస్త్ర ఆచార్యుడు స్కాట్ నియరింగ్ దాన్ని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి తీసుకెళ్ళి విద్యార్థులకు పాఠంగా ఆడించాడు. ఆ విద్యార్థులు మరికొన్ని ఊళ్ళకు మోసుకెళ్ళారు. ఇలా పాతికేళ్ళు నడిచింది. రచ్చబండ మీద పులిజూదం ఎవరిదీ కానట్టే అదీ ఎవరిదీ కాకుండా అందరిదీ అయింది.

అట్లాంటిక్ సిటీలో క్వేకర్ మతస్థులు దాన్ని మరింత మార్చారు. స్థలాలు వేలం పాడటంలో వచ్చే కేకలు నెమ్మదస్తులైన వాళ్ళకు నచ్చలేదు. గళ్ళ మీదే ధర రాసేశారు. ఆ ధరలు ఏర్పరచినవాళ్ళలో ఇళ్ళస్థలాల వ్యాపారంలో ఉన్న మనిషి ఒకరున్నారు, అందుకని ఆ ఊరి అసలు ధరల వరసే పటం మీదికి వచ్చింది. సముద్రపు ఒడ్డున ధనికుల వీధి అన్నింటికంటే ఖరీదు. నల్లజాతి పనివాళ్ళు కాపురముండే వీధులు అన్నింటికంటే చవక. ఈ మార్పులు చేసినవాళ్ళెవరికీ తాము ఒకరి సొత్తు దొంగిలిస్తున్నామన్న ఆలోచన లేదు, వాళ్ళను తప్పుపట్టే పనీ లేదు. పదిమంది చేతుల్లో పడ్డ ఆట మెరుగుపడుతుంది. పిల్లల ఆటలన్నీ అలాగే పెరిగాయి.

తప్పు ఆ తరవాత జరిగింది. 1930లలో ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫిలడెల్ఫియాలో చార్ల్స్ టాడ్ అనే ఆయన తన పరిచయస్థులైన డారో దంపతులను పిలిచి ఈ ఆట నేర్పాడు. డారో ఉద్యోగం పోయి, కుటుంబాన్ని ఎలా పోషించాలో తెలియక అల్లాడుతున్న మనిషి. నియమాలు రాసి ఇమ్మని టాడ్‌ను అడిగాడు, టాడ్ ఇచ్చాడు. డారో పటాన్ని అందంగా దిద్దించి, అమ్మకం మొదలుపెట్టి, 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీకి తన సొంత ఆవిష్కరణగా అమ్మాడు. టాడ్ పటంలో ఒక చిన్న అక్షరదోషం ఉంది. అట్లాంటిక్ సిటీ పక్కన మార్గేట్, వెంట్నర్ అనే రెండు ఊళ్ళ పేర్లు కలిపి పెట్టుకున్న 'మార్వెన్ గార్డెన్స్' అనే పేట ఉంది. టాడ్ పొరపాటున 'మార్విన్' అని రాశాడు. డారో పటంలోనూ 'మార్విన్' అనే ఉంది. కోట్ల పెట్టెల్లో అదే అచ్చయింది. ఆట ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడానికి ఆ ఒక్క అక్షరం చాలు.

డారో మీద కోపం తెచ్చుకోవడం కష్టం. పని పోయిన తండ్రి చేతికి అందిన కొమ్మ పట్టుకున్నాడు. కానీ కంపెనీకి కొద్దికాలానికే నిజం తెలిసింది. తెలిసి, పాత ఆటల హక్కులన్నీ ఒక్కొక్కటిగా కొనేసింది. 1935 నవంబరులో సంస్థాపకుడు జార్జ్ పార్కర్ స్వయంగా లిజీ ఇంటికి వెళ్ళి 500 డాలర్లకు పేటెంటు కొన్నాడు. అమ్మకాల మీద వాటా ఏమీ లేదు. ఆవిడ చేసిన మరో రెండు ఆటలు కూడా వేస్తామని మాట ఇచ్చాడు. ఆవిడ పొంగిపోయింది. ఇంతకాలానికి పెద్ద కంపెనీ తన ఆటను దేశమంతటికీ చేరుస్తుందనీ, ఒకే పన్ను మాట ఇల్లిల్లూ వింటుందనీ నమ్మింది. కంపెనీకి రాసిన ఉత్తరంలో తన ఆటనే సంబోధిస్తూ వీడ్కోలు చెప్పింది, అత్తవారింటికి పంపుతున్న పిల్లతో మాట్లాడినట్టు.

రెండు నెలలు తిరక్కుండానే సంగతి అర్థమైంది. దేశమంతా మార్మోగుతున్నది డారో పేరు. 1936 జనవరిలో వాషింగ్టన్ పత్రికల వాళ్ళను పిలిచి, తన పాత పటాలు చేతబట్టుకుని ఫొటో దిగి, ఇది నాది అని చెప్పింది. వకీళ్ళకూ, అచ్చుకూ, పేటెంటు కార్యాలయానికీ పెట్టిన ఖర్చు ముందు వచ్చిన డబ్బు తక్కువేనని ఆ వార్తల్లో ఉంది. కంపెనీ 1939లో ల్యాండ్‌లార్డ్స్ గేమ్‌ను ఒకసారి వేసి వదిలేసింది. 1948లో ఆవిడ పోయింది. డారో లక్షాధికారిగా 1967లో పోయాడు. 1970లో అట్లాంటిక్ సిటీ అతని పేర ఒక ఫలకం వేయించింది.

ఇక్కడితో కథ మరుగునపడేదే. 1973లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రాల్ఫ్ ఆన్‌స్పాక్ అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుడు, మొనోపలీ పిల్లలకు తప్పుడు పాఠం నేర్పుతోందని బాధపడి 'యాంటీ-మొనోపలీ' అనే ఆట తయారుచేశాడు. పార్కర్ బ్రదర్స్ కంపెనీ అభ్యంతరం చెప్పడంతో వివాదం కోర్టుకెక్కింది. 1977లో ఆయన ఆట పెట్టెలు వేలాదిగా మిన్నెసోటాలో ఒక చెత్తదిబ్బలో పూడ్చిపెట్టించారు. ఆయన వదల్లేదు. ఇల్లు తాకట్టు పెట్టి, పాత ఆటగాళ్ళను ఊరూరా వెతికి, టాడ్‌నూ క్వేకర్లనూ సాక్ష్యానికి తెచ్చి, లిజీ పేటెంటును బయటికి తీశాడు. 1983లో సుప్రీంకోర్టు కింది కోర్టు తీర్పులో జోక్యం చేసుకోలేదు, ఆన్‌స్పాక్ గెలిచాడు. ఆ మనిషి కొత్తగా చేశాననుకున్నది లిజీ డెబ్బై ఏళ్ళ ముందే చేసిన పని. 2015లో పాత్రికేయురాలు మేరీ పైలన్ ఈ చరిత్రనంతా పుస్తకంగా రాసింది. ఇంత జరిగాక కూడా 2019లో మహిళా ఆవిష్కర్తలను గౌరవిస్తామంటూ వచ్చిన 'మిస్ మొనోపలీ' అనే ఆటలో లిజీ ఊసు లేదు.

పేరు దక్కకపోవడం పెద్ద అన్యాయమే. మాకు అంతకంటే బాధ కలిగించేది రెండో నియమావళి పోవడం. ఊరందరిదీ అయిన నేలకు ఒకడు కంచె వేసి అద్దె అడగడం తప్పని చెప్పడానికి పుట్టిన ఆట అది. పాతికేళ్ళు జనం ఉమ్మడి సొత్తుగా బతికిన ఆ ఆటకే కంచె వేశారు. వేసేటప్పుడు దాని నోట్లోంచి ఆ మాటను తీసేశారు. సగం మాటే మిగిలితే అర్థం తిరగబడుతుంది. ఎదుటివాడిని దివాలా తీయించడం ఎంత ఘోరమో చూడమని ఆవిడ రాసిన నియమాలనే, దివాలా తీయించడం ఎంత సరదాయో చూడమని మనం పిల్లలకు ఇస్తున్నాం. మన దేశంలో ఆ ఆట 'బిజినెస్' పేరుతోనూ 'ట్రేడ్' పేరుతోనూ మన నగరాల పేర్లు పెట్టుకుని మూడు తరాలుగా ఉంది. వేసవి సెలవుల్లో దాన్ని ఆడని తెలుగు పిల్లలు పట్నాల్లో అరుదు. స్థలాలు కూడబెట్టినవాడు తెలివైనవాడనీ, అద్దె కట్టలేనివాడు చేతకానివాడనీ ఎనిమిదేళ్ళ వయసులోనే మనసులో నాటుకుంటుంది. పాచిక మొదట ఎవరికి బాగా పడిందన్నదే సగం ఫలితాన్ని తేల్చేసిందని ఎవరూ చెప్పరు.

జనానికి మొదటి ఆటే నచ్చింది గనక అది నిలిచింది, రెండోది చప్పగా ఉంది గనక పోయింది అనేవారున్నారు. అందులో కొంత నిజముంది. పోటీలో ఉన్న ఉద్వేగం పంచుకోవడంలో వెంటనే దొరకదు. కానీ ఆవిడ రెండింటినీ ఒకదాని తరవాత ఒకటి ఆడమంది. మొదటి ఆటలో ప్రభువుగారి ఎస్టేటులో అడుగుపెట్టి జైలుకు వెళ్ళిన పిల్ల, రెండో ఆటలో అదే గడి మీద నిలబడి ఉచితంగా కళాశాలలోకి నడిచినప్పుడు కలిగే ఆనందం మొదటిది ఆడితేనే తెలుస్తుంది. ఆ జంటను విడదీసి రెండోది చప్పగా ఉందనడం న్యాయం కాదు.

ఉపాధ్యాయులకూ, తల్లిదండ్రులకూ ఒక్క మనవి. ఇంట్లో ఉన్న బిజినెస్ పెట్టెనే తీయండి. ఒక సాయంత్రం మామూలుగా ఆడనివ్వండి. మర్నాడు పిల్లల చేత ఓటు వేయించి నియమాలు మార్చండి. నేల అద్దె మధ్యలో ఒక గిన్నెలో వేయాలి, ఇంటి అద్దె ఆ ఇల్లు కట్టినవాడికి ఇవ్వాలి. గిన్నె నిండేకొద్దీ రైలూ కరెంటూ ఉచితం చేస్తూ పోండి. అందరికంటే పేదవాడి సొమ్ము రెట్టింపయ్యేదాకా ఆడండి. ఏ ఆట బాగుందో, ఎందుకు బాగుందో పిల్లల్నే అడగండి, వాళ్ళు చెప్పింది వినండి. ఈ ఆట కనిపెట్టినావిడ పేరు ఎలిజబెత్ మగీ అని చెప్పండి. ఆవిడ పేటెంటు గడువు ఎప్పుడో తీరింది. ఆ రెండో ఆట ఆడటానికి ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదు, ఎవరినీ అడగనక్కర్లేదు.